గుద్దేది ఒకడు, కట్టేది ఇంకొకడు

మా రోజుల్లో దారిలో మనిషి పడిపోతే చుట్టూ చేరినవాళ్లు అడిగే మొదటి మాట "ఎవరి తాలూకు?" అని. ఇప్పుడడిగేది "బండికి ఇన్సూరెన్సుందా?" అని. పడ్డవాడి నెత్తురింకా ఆరకముందే నంబరు ప్లేటుకు ఫొటో, గుద్దినవాడి మొహానికి వీడియో, పాలసీ గడువు ఎప్పటిదాకా ఉందో ఫోన్లో చూసుకోవడం, అన్నీ అయిపోతాయి. ఇన్ని చేతులున్నా మంచినీళ్ల సీసా మూత తీసిన చెయ్యి ఒక్కటీ కనపడదు.

నేను నరసరావుపేట కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా జీవితం వెళ్లదీసినవాణ్ని. వకాల్తాలు నింపాను, కాగితాలు కుట్టాను, కక్షిదారులకు వాయిదాలు గుర్తుచేశాను, కాపీల కోసం సెక్షన్ గుమ్మాల దగ్గర కాళ్లరిగేలా నిలబడ్డాను. లా చదవలేదు. చదివినవాళ్ల వెనకాల నిలబడి విన్నాను, అంతే. మనిషికి దెబ్బ తగిలితే దానికి బాధ్యుడెవడు అన్న ఒక్క ప్రశ్నకు నా కళ్లముందే ఎన్ని జవాబులు మారాయో! పరిహారం పెరిగింది, కాదనను. బాధ్యుడే కనపడకుండా పోయాడు. నా సణుగుడంతా దాని గురించే.

మా కాలంలో రోడ్డు మీద ధర్మశాస్త్రం ఒక్క ముక్క: పెద్ద బండివాడిది తప్పు. నడిచేవాణ్ని సైకిలు గుద్దితే సైకిలువాడిది, సైకిలునూ స్కూటరునూ పక్కపక్కన పెడితే స్కూటరువాడిది, కారొస్తే కారువాడిది. లారీ అయితే ఇక విచారణే లేదు, డ్రైవరు పొలాలకడ్డంపడి పారిపోవడమే. పారిపోకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. చట్టం రాసినవాళ్లకూ తెలుసు కాబట్టే, గాయపడ్డవాడికి వైద్యం అందేలా చూడాల్సిన బాధ్యత డ్రైవరుదేనని ఇప్పటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్లో రాస్తూ, జనం ఆగ్రహంతో మీదపడే పరిస్థితి ఉంటే తప్ప అని ఒక మినహాయింపు కూడా పెట్టారు. మన జనం సంగతి పార్లమెంటు దాకా పాకిందన్నమాట.

ఇదంతా రోడ్డు మీది తీర్పు. ఊళ్లో తీర్పు వేరేగా ఉండేది. ఒకటి చెబుతాను. చిలకలూరిపేట నుంచి వచ్చే దారిలో చీకటిపడ్డాక వరిగడ్డి వేసుకుని పోతున్న ఎడ్లబండిని ఒక స్కూటరాయన వెనకనుంచి గుద్దుకున్నాడు. ఎరువుల కొట్లో లెక్కలు రాసే మనిషి. కాలు విరిగింది. మర్నాడు పొద్దున్నే రావిచెట్టు కింద పెద్దలు కూర్చున్నారు. బండివాడు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఒక పెద్దాయన నోట్లో చుట్ట తియ్యకుండానే అడిగాడు.

"ఇరుసు కింద లాంతరు కట్టావట్రా?"

"కట్టానండి. కిరసనాయిలు అయిపోయి ఆరిపోయిందండి."

"ఎక్కడ ఆరింది?"

"కాలవ దాటాకండి."

"ఆరిందని తెలిసీ బండెందుకు తోలావు? కాలవగట్టున కట్టేసుకుని కూర్చోలేకపోయావా?"

బండివాడి దగ్గర మాట లేదు. పెద్దాయన అప్పుడు స్కూటరాయన తమ్ముడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ అన్న బండికి లైటుందిగా? తాడిచెట్టంత గడ్డిమోపు ఎదురుగా పోతుంటే కనపడలేదా?" తమ్ముడూ తలొంచుకున్నాడు. కాఫీ నీళ్లు కాగేలోపు తీర్పయిపోయింది. పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొచ్చే ఖర్చు బండివాడిది. స్కూటరు బాగుచేయించుకునే ఖర్చు వాళ్లది. మనిషి లేచి తిరిగేదాకా వారానికోసారి బండివాడు వాళ్లింటికి వెళ్లి కనపడి రావాలి.

తరవాత ఎన్నో ఏళ్లకు, మా ఆఫీసులో చేరిన కుర్ర వకీలు ఒకాయన లా పుస్తకం ముందేసుకుని నాకు 'నెగ్లిజెన్స్' బోధించాడు. తీసుకోవాల్సిన జాగ్రత్త ఏమిటి, తీసుకున్నాడా, తీసుకోకపోవడం వల్లే దెబ్బ తగిలిందా, తగిలినవాడి పాలు ఎంత. అంతా విని, "బాబూ, ఇది చుట్ట కాల్చుకుంటూ అడగొచ్చు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

అట్లాగని ఆ రావిచెట్టును నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆ రోజు బండివాడు పేదవాడు, స్కూటరాయనా పేదవాడే, కాబట్టి అంత నింపాదిగా ధర్మం నడిచింది. అదే మోతుబరి జీపు కూలివాడి కాలుమీదెక్కితే "గ్రహచారం, ఏం చేస్తాం" అని ఒక బస్తా ధాన్యం పంపించి చేతులు దులుపుకునేవాళ్లు. జిన్నింగు మిల్లులో ఆడకూలి చెయ్యి పోతే "కొంగు చూసుకోవద్దా" అని ఆమెనే కేకలేసేవాళ్లు. పనిలో ఉండగా, పని మూలాన దెబ్బ తగిలితే యజమాని తప్పున్నా లేకున్నా పరిహారం కట్టాలని 1923లోనే చట్టం వచ్చింది, 1924 జులైలో అమల్లోకి వచ్చింది. మా వైపు ఆ చట్టం పేరు విన్న కూలీ నాకు చాలాకాలం తగల్లేదు. చెయ్యి పోయినావిడకు మిల్లులోనే ఊడ్చే పని ఇస్తే అదే గొప్ప ఉపకారం అని చెప్పుకునేవాళ్లు.

చట్టాలు లేక కాదు. తప్పు చేసి మనిషి ప్రాణం తీసినవాడి మీద పోయినవాడి కుటుంబం దావా వేసుకోవచ్చని 1855లో తెల్లవాళ్లే చట్టం చేశారు. మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 1946 జులైలో తప్పనిసరి అయింది. కోర్టు ఫీజులు పోసి సివిల్ దావా నడిపే బాధ లేకుండా ట్రిబ్యునళ్లు పెట్టుకోవచ్చని 1956లో సవరించారు. ఇవన్నీ మా సీనియరు ప్లీడరు గారి బీరువాలో అట్టలేసి ఉండేవి. జనం దగ్గర ఉండేవి కావు.

ఇక గుద్దింది సర్కారు బండి అయితే, దావా అన్న మాట ఎత్తితేనే నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆపింది ఉదయ్‌పూర్ జీపు. 1952లో అక్కడి కలెక్టరు గారి జీపును రిపేరు చేయించుకుని తిరిగి తెస్తూ డ్రైవరు దారిన పోయే మనిషిని గుద్దేశాడు. ఆ మనిషి ఆసుపత్రిలో పోయాడు. రాజ్యం తరఫున చేసే పనికి రాజ్యాన్ని అడగడానికి లేదని రాజస్థాన్ ప్రభుత్వం వాదించింది. రాజుల కాలం పోయింది, నౌకరు తప్పుకు మామూలు యజమాని ఎట్లా బాధ్యుడో ప్రభుత్వమూ అట్లాగే బాధ్యత వహించాలి అన్న అర్థంలో సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పి 15,000 రూపాయలు కట్టించింది. మన దగ్గరి కోయిలకుంట్ల కథ ఇంకా ఘోరం. 1977లో అక్కడి సబ్ జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద బయటివాళ్లు బాంబులేశారు. మాకు ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. తండ్రి పోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. జైలు నడపడం సార్వభౌమాధికారం, మమ్మల్ని అడగకూడదని ప్రభుత్వం వాదన. హైకోర్టు వేసిన 1,44,000 రూపాయల డిక్రీని సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2000 సంవత్సరం వచ్చింది. ఇరవై మూడేళ్లు! చుట్టపెద్దాయనకు కాఫీ నీళ్లు కాగేంత సేపు పట్టింది మరి.

ఇప్పటి సంగతికి వస్తాను. ఇప్పుడు మా తాలూకా ఏ స్టేషన్లో ఎఫ్ఐఆర్ తీసినా "అతివేగముగాను, అజాగ్రత్తగాను నడిపి" అనే ఉంటుంది. అచ్చేసి పెట్టుకున్నట్టు ఒకటే వాక్యం. రోడ్డు మీద ఆగి ఉన్న లారీని మోటారుసైకిలు గుద్దినా ఆ లారీ అతివేగంగానే ఉంటుంది. నేను స్వయంగా చూసిన కాగితం అది. వెనక దీపాల్లేకుండా, కొమ్మయినా అడ్డం పెట్టకుండా నడిరోడ్డు మీద లారీ ఆపడం అసలు తప్పు. పాతకాలపు పెద్దాయన "ఇరుసు కింద లాంతరేదిరా" అని అడిగినట్టు అదొక్కటీ రాస్తే సరిపోయేది. ఆ ముక్క తప్ప అన్నీ రాశారు.

బాధ్యుల వరస కూడా చూడండి. మోటారు ప్రమాద పరిహారం పిటిషను (ఎంవీఓపీ) వేస్తే ఒకటో ప్రతివాది డ్రైవరు, రెండో ప్రతివాది ఓనరు, మూడో ప్రతివాది ఇన్సూరెన్సు కంపెనీ. మొదటి ఇద్దరూ వాయిదాకు రారు, ఎక్స్‌పార్టీ అయిపోతారు. కోర్టులో కొట్లాడేది కాలు విరిగినవాడూ, ఆ కాలును ఎన్నడూ చూడని కంపెనీ వకీలూ. ఆయన వాదనలూ నాకు కంఠతా వచ్చు: డ్రైవరుకు సరైన లైసెన్సు లేదు, పర్మిట్ లేదు, బండిలో ఎక్కకూడని మనుషులు ఎక్కారు. గుద్దినవాడు తప్పు చేశాడా లేదా అన్నది ఆ వాదనల్లో అడుక్కిపోతుంది. ఏ షరతు తప్పితే తాము తప్పించుకోవచ్చన్నదే మిగులుతుంది. లైసెన్సు లాంటి షరతు తప్పినా ముందు కంపెనీయే కట్టి, తరవాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004లో సుప్రీంకోర్టు దారి చూపించబట్టి చాలామంది గట్టెక్కారు.

అన్నిసార్లూ ఆ దారి ఉండదు. కోటప్పకొండ తిరునాళ్లకు మా పల్లెల నుంచి ట్రాక్టర్ ట్రక్కుల్లో జనం ఎట్లా వెళ్తారో చూసినవాళ్లకు తెలుసు. పిల్లా మేకా, పులిహోర గిన్నెలు, తొట్టి మీద టార్పాలిన్. పెళ్లికి లారీ, కూలికి ఆటో ట్రాలీ, అన్నీ అంతే. సరుకు మోసే బండిలో ఊరికే ఎక్కిన మనుషుల బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీది కాదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. అంతకుముందు మూడేళ్లపాటు కంపెనీదేనని ఇంకో తీర్పు నడిచింది, దాన్ని కొట్టేశారు. ఇప్పుడా ట్రక్కు బోల్తాపడితే కట్టాల్సింది ఓనరు. ఓనరుకున్నది ఆ ట్రాక్టరూ, దాని మీద అప్పూ. అవార్డు లక్షల్లో వస్తుంది, లామినేషన్ చేయించి గోడకు తగిలించుకోవడానికి. దేవుడి పేరు చెప్పి ఎక్కించుకున్నవాణ్ని తిట్టలేం, ఎక్కినవాణ్నీ తిట్టలేం. ఆ రోజుకు రెండు బస్సులు ఎక్కువ వేయించలేని మనందర్నీ తిట్టాలి.

బండ్లు అమ్ముకునేవాళ్లను మాత్రం నేను మనసారా తిడతాను. 29, 30 ఫారాల మీద తెల్లగా సంతకాలు పెట్టి, తాళాలు మెకానిక్ చేతిలో పెట్టి, డబ్బు జేబులో వేసుకుని వెళ్లిపోతారు. ఆ మెకానిక్ ఇంకొకడికి, వాడు మరొకడికి. మూడేళ్ల తరవాత ఎక్కడో మార్కాపురంలో ఆ మోటారుసైకిలు ముసలాయన్ని గుద్దితే రిటైరైన మాస్టారుకు కోర్టు నోటీసొస్తుంది. అట్లాంటి మాస్టారొకాయన మా ఆఫీసులో బల్ల కొట్టి, "గుమాస్తా గారూ, నేనా బండి మొహం చూసి మూడేళ్లయిందండీ!" అన్నారు. "మొహం చూడకపోతేనేం మాస్టారూ, ఆర్సీలో మీ పేరు అట్లాగే ఉందిగా" అన్నాను. రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, చేతులు ఎన్ని మారినా బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. వాయిదాల మీద కొన్న బండయితే ఆర్సీలో పేరున్నా ఫైనాన్సు కంపెనీ ఓనరు కాదు, బండి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లదే బాధ్యత. 2008 నాటి ఆ తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోదే.

ఆర్టీసీ సంగతి మరీ విడ్డూరం. ఆ బస్సులకు ఇన్సూరెన్సు అక్కర్లేదని చట్టమే మినహాయింపుకు వీలిచ్చింది, పరిహారం సొంత నిధిలోంచి కట్టాలి. కట్టడం ఆలస్యమైతే డిక్రీదారు అమలు పిటిషను (ఈపీ) వేస్తాడు, కోర్టు జప్తు వారంటు ఇస్తుంది. బస్టాండులో కదలబోతున్న బస్సు ముందు అమీను గారు కాగితం పట్టుకుని నిలబడితే, "ఏమండీ, మా ఊరెట్లా వెళ్లాలి?" అని మూటలతో దిగే ముసలమ్మలు నాకింకా గుర్తు. గుద్దిన డ్రైవరు ఏ డిపోలోనో డ్యూటీ చేసుకుంటుంటాడు. శిక్ష పడింది మాత్రం వినుకొండ వెళ్లాల్సిన ముసలమ్మకు.

తండ్రుల గురించీ చెప్పాలి. మా రోజుల్లో కుర్రాడు సైకిలుతో ఎవరినైనా పడేస్తే తండ్రి వాడి చెవి మెలేసి వాళ్లింటికి తీసుకెళ్లేవాడు. ఇప్పటి తండ్రి స్టేషనుకు డ్రైవరును తీసుకెళ్తాడు. కుర్రాడికి పదహారేళ్లు, లైసెన్సు లేదు, కాబట్టి ఎవడో జీతగాడు "నేనే నడిపానండి" అని నిలబడతాడు. మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే సంరక్షకుడూ, బండి ఓనరూ తప్పు చేసినట్టేననీ, మూడేళ్ల దాకా జైలూ 25,000 జరిమానా అనీ 2019 సవరణలో 199ఏ సెక్షను పెట్టారు. పెట్టినదాని ఉద్దేశం మంచిదే. నేను చూసినంతలో దానివల్ల అబద్ధమాడే జీతగాళ్లకు డిమాండు పెరిగింది. గుర్తు తెలియని బండి గుద్ది పోతే, పాలసీ ఉన్న ఇంకో బండినీ ఇంకో డ్రైవరునూ తెచ్చి కేసులో కూర్చోబెట్టే వ్యాపారం కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఈ దొంగ క్లెయిముల సంగతి చూడమని హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయించింది. అసలు బాధ్యుడెవడో తేల్చాల్సిన చోటే బాధ్యుణ్ని కొనుక్కొచ్చి పెడితే ఇంకేం చెప్పను? గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే ప్రాణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ప్రభుత్వ పథకం కింద 2022 ఏప్రిల్ నుంచి ఇస్తున్నారు. అబద్ధం అక్కర్లేని దారి అది. అందులో డబ్బు తక్కువ, అంతే.

గుంటల సంగతి సరేసరి. మా వీధి మలుపులో రోడ్డు తవ్వి వదిలేశారు. ఒకమ్మాయి స్కూటీతో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఎవరు తవ్వారంటే మంచినీళ్ల వాళ్లు కేబుల్ వాళ్లను చూపించారు, కేబుల్ వాళ్లు కాంట్రాక్టరును చూపించారు, కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరును చూపించాడు, సబ్ కాంట్రాక్టరు ఫోనెత్తలేదు. ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు పోయింది 1951లో. మేం ఎప్పటికప్పుడు పైపైన చూస్తూనే ఉన్నాం, కూలుతుందని మాకేం తెలుసు అంది మునిసిపాలిటీ. కట్టడం మీది, అది నిలబడి ఉండేలా చూసుకోవడమూ మీదే, కూలిందంటేనే మీ అజాగ్రత్త తెలుస్తోంది అని 1966లో సుప్రీంకోర్టు చెప్పింది. అంత తేట మాట ఉండగా, రోడ్డు నాసిగా వేసి ప్రాణం తీస్తే కాంట్రాక్టరుకూ అధికారికీ లక్ష రూపాయల దాకా జరిమానా అని 2019లో 198ఏ పెట్టారు. లక్ష! రోడ్డు బిల్లులో అది ఏ మూలకి? ఆ సెక్షను కింద మా వైపు ఎవరి మీదైనా ఛార్జిషీటు వేశారన్న మాట కూడా నా చెవిన పడలేదు.

ఇంత సణిగినా, కొన్నిచోట్ల ఈ కాలమే నయం. తప్పెవరిదని తేల్చకుండానే ఎంతో కొంత ఇచ్చే పద్ధతి మా రావిచెట్టుకు తెలియదు. 1982లో ప్రాణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 అని మొదలైంది. 2022 నుంచి ప్రాణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. కరెంటు తీగ తెగి రోడ్డు మీద పడి సైకిలు మీద పోతున్నాయన చనిపోతే, ఎవడో దొంగ కనెక్షను లాక్కున్నాడు, మా తప్పేముంది అంది విద్యుత్ బోర్డు. అంత ప్రమాదకరమైన సరుకు మీ చేతుల్లో ఉన్నప్పుడు ఎవడో ఏదో చేశాడనే సాకు చెల్లదని 2002లో సుప్రీంకోర్టు కొట్టేసింది. విశాఖ వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు ఊరిమీద పడ్డప్పుడు, ఏ వాల్వు ఎవరు చూసుకోలేదో తేలేదాకా ఆగకుండా మర్నాడే 50 కోట్లు డిపాజిట్ చేయమని గ్రీన్ ట్రిబ్యునల్ కంపెనీని ఆదేశించింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసి లాభం తినేవాడే నష్టమూ మొయ్యాలన్న సూత్రం ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీ గ్యాసు కేసు నుంచి వచ్చింది. మా పెద్దాయన బతికుంటే దీనికి మాత్రం చుట్ట తీసి తల ఊపేవాడు.

ఇంకొకటి ఇల్లాలి విలువ. మా పంచాయితీల్లో ఆడమనిషి కాలికి ధర ఉండేది కాదు. "ఇంట్లో ఉండేదేగా" అనేవాళ్లు. జంషెడ్‌పూర్‌లో 1989లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో ఇల్లాలి చాకిరీకి నెలకు 3,000 లెక్కకట్టాలని 2001లో సుప్రీంకోర్టు అంది. 2021లో ఇంకో తీర్పులో, ఇంటిపనికి ఆదాయం కట్టడం ఆ పనికి గుర్తింపు అని విడమరిచి రాశారు. ఆ తీర్పు సంగతి మా ఆవిడకు చెబితే, "కోర్టువాళ్లకు ఇప్పుడు తెలిసిందా?" అని కూర గిన్నె దించుకుని వెళ్లిపోయింది.

ముగ్గురెక్కిన మోటారుసైకిలు కేసులోనూ ఇప్పటివాళ్లు తెలివిగానే ఉన్నారు. ముగ్గురెక్కారు కాబట్టి ప్రమాదంలో మీకూ పాలుందని పరిహారం కోసేవాళ్లు. ముగ్గురెక్కడం చట్టప్రకారం తప్పే, కానీ ప్రమాదం దానివల్లే జరిగిందని చూపించాలి, ఊరికే కొయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆలస్యం సంగతి మాత్రం నన్ను అడక్కండి. నిమ్స్‌లో 1990లో ఆపరేషనయి నడుము కింద చచ్చుబడిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థి, సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకుని కోటి రూపాయలు గెలిచింది 2009లో. పందొమ్మిదేళ్లు చక్రాల కుర్చీలో. ఆ కోటి గురించే అందరూ గొప్పగా చెప్పుకున్నారు.

ఇన్ని మార్పుల్లో నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఈమధ్య మా దూరపు చుట్టం ఒకాయన కారు తగిలి కూరగాయలమ్మే మనిషి తుంటి విరిగింది. "వెళ్లి చూశావా?" అని అడిగాను. "లేదు బాబాయ్, వెళ్తే తప్పొప్పుకున్నట్టవుతుందని వకీలు గారు వద్దన్నారు. ఇన్సూరెన్సువాళ్లు చూసుకుంటారు" అన్నాడు. అబద్ధమేం కాదు, కంపెనీ చూసుకుంది. చెక్కొచ్చింది. తుంటి విరిగినాయనకు తనను గుద్దిన మనిషి మొహం ఇప్పటికీ తెలియదు. ఎడ్లబండివాడు వారం వారం వెళ్లి అరుగు మీద కూర్చుని వచ్చిన షరతు ఏ ట్రిబ్యునలూ వెయ్యలేదు, వెయ్యజాలదు కూడా. కొన్నాళ్లకు ఆ స్కూటరాయన కూతురి పెళ్లికి గడ్డిబండివాడే పందిరాకు తోలాడు.

కాబట్టి చదివేవాళ్లకు ముసలాడి మనవి ఇది. బండి అమ్మితే ఆర్సీలో పేరు మారిందని కళ్లతో చూసేదాకా నిద్రపోకండి. తిరునాళ్లకు ట్రక్కు కట్టేముందు ఆలోచించండి. దెబ్బ తగిలితే ఆసుపత్రి కాగితాలన్నీ దాచండి, క్లెయిము ఆరు నెలల్లోపే వెయ్యండి. ఆ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు, వాళ్లను నమ్ముకుని కూర్చోవద్దు. పడ్డవాణ్ని ఆసుపత్రికి చేర్చినవాణ్ని సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదని 134ఏ సెక్షను కింద చేసిన నిబంధనల్లో ఉంది, ధైర్యంగా చెయ్యందించండి. మీ బండి తగిలి ఎవరైనా మంచాన పడితే ఒకసారి వెళ్లి పలకరించి రండి. పలకరిస్తే తప్పొప్పుకున్నట్టని ఏ చట్టంలోనూ రాసి లేదు.